యుద్ధం ఎంతకాలం జరిగింది?

(కర్నూలులో డిగ్రీ విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్ల ముందు ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి, మొహమాటపడొద్దు.

మీలో చాలామంది గ్రూప్స్‌కో డీఎస్సీకో చదువుతున్నవాళ్లు. అందుకని ఒక బిట్ ప్రశ్నతోనే మొదలుపెడతాను. చరిత్రలో అతి తక్కువసేపు జరిగిన యుద్ధం ఏది? చూశారా, నేను అడగడం పూర్తికాకముందే చెప్పేశారు. ఆంగ్లో-జాంజిబార్ యుద్ధం, 38 నిమిషాలు. సరే, అతి ఎక్కువకాలం జరిగింది ఏది? ఇక్కడ ఒకరు నూరేళ్ల యుద్ధం అంటున్నారు. ఆ అమ్మాయి 335 ఏళ్లు అంటోంది. ఆ చివర ఎవరో స్పెయిన్‌లో 780 ఏళ్లు అంటున్నారు. ఒక్క ప్రశ్నకు మూడు జవాబులు! మూడూ ఏదో ఒక గైడులో అచ్చయినవే, మీ తప్పేం లేదు.

నా ప్రశ్న వేరు. 38 నిమిషాలని ఎవరు లెక్కపెట్టారు? ఎక్కడ మొదలుపెట్టి, ఎక్కడ ఆపారు? నూరేళ్లని ఎవరు లెక్కగట్టారు? యుద్ధం ఫలానా రోజు మొదలై ఫలానా రోజు ముగిసిందని తేదీ వేసినవాడు ఒకడుంటాడు కదా, వాడెవడు? నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠాలే చెప్పాను. తేదీలు బోర్డు మీద రాసి, మీ చేత రాయించాను. ఆ తేదీల లోపల ఏముందో ఈ రోజు తీరిగ్గా చూద్దాం.

ముందు జాంజిబార్. ఆఫ్రికా తూర్పు తీరానికి దగ్గర్లో, హిందూ మహాసముద్రంలో ఉన్న దీవి. లవంగాలకు పేరు. ఏనుగు దంతాల వ్యాపారం, దాంతోపాటు బానిసల వ్యాపారం కూడా అక్కడ పెద్దఎత్తున జరిగింది. మన కచ్, గుజరాత్ వర్తకులు ఎప్పటినుంచో అక్కడ కాపురాలున్నారు. పాలించేది ఒమాన్ వంశపు సుల్తాన్లు. 1890లో బ్రిటన్, జర్మనీ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. హెలిగోలాండ్ అని ఉత్తర సముద్రంలో ఒక చిన్న దీవి. అది జర్మనీకి, జాంజిబార్ మీద పెత్తనం బ్రిటన్‌కి. జాంజిబార్ వాళ్లను ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. అప్పటినుంచి కొత్త సుల్తాను గద్దెనెక్కాలంటే బ్రిటిష్ కాన్సుల్, అంటే అక్కడుండే బ్రిటిష్ ప్రతినిధి, సరేననాలి.

1896 ఆగస్టు 25న సుల్తాన్ హమద్ ఉన్నట్టుండి చనిపోయాడు. విషం పెట్టారని చాలామంది అనుకున్నారు. కొద్ది గంటల్లోనే ఆయన బంధువు ఖాలిద్ బిన్ బర్గాష్ తన మనుషులతో కోటలోకి వెళ్లి, నేనే సుల్తానునన్నాడు. కాన్సుల్ అనుమతి తీసుకోలేదు. అప్పుడు అక్కడ బ్రిటిష్ వ్యవహారాలు చూస్తున్నది బేసిల్ కేవ్. ఆయన లండన్‌కి టెలిగ్రాం కొట్టాడు, ఓడలతో కాల్పులు జరపమంటారా అని. లండన్ నుంచి వచ్చిన జవాబు మీరు గుర్తుపెట్టుకోవాలి. అవసరమనిపించింది చెయ్యి, ప్రభుత్వం నీ వెనక ఉంటుంది, కానీ తప్పకుండా నెగ్గుతామన్న నమ్మకం లేని పని మాత్రం పెట్టుకోవద్దు. ఇదీ దాని సారాంశం. అంటే ఏమిటి? మొదలుపెట్టకముందే అయిపోయిన యుద్ధం అది. గెలుపు ఖాయమైతేనే మొదలుపెట్టమన్నారు.

26వ తేదీ గడిచేసరికి రేవులో ఐదు యుద్ధనౌకలు చేరాయి. అడ్మిరల్ హ్యారీ రాసన్ కబురు పంపాడు: రేపు ఉదయం 9 గంటలకల్లా కోట మీద జెండా దించి బయటికి వచ్చెయ్యాలి. ఆ రాత్రి సంగతి అక్కడున్న అమెరికా కాన్సుల్ రాసిపెట్టాడు. మామూలుగా రాత్రిపూట డప్పులు మోగుతుంటాయి, ఎక్కడో పసిపిల్లలు ఏడుస్తుంటారు, ఆ రాత్రి మాత్రం ఊళ్లో ఒక్క చప్పుడు లేదట. ఆలోచించండి. ఆ ఇళ్లలో పడుకున్న తల్లులకు యుద్ధం మర్నాడు 9 గంటలకు మొదలైందా, ఆ రాత్రే మొదలైందా?

కోటలో ఎవరున్నారు? దాదాపు మూడు వేలమంది. సిపాయిలు కొందరు. మిగతావాళ్లు కోటలో పనివాళ్లు, బానిసలు, ఊరి జనం. అడ్డుగోడగా ఏం పెట్టుకున్నారు? చెక్కపెట్టెలు, సరుకు మూటలు, రబ్బరు బేళ్లు. కోట చాలావరకు కలపతో కట్టింది. ఎదురుగా సముద్రంలో ఐదు ఓడలు. ఉదయం 8 దాటాక ఖాలిద్ ఇంకో కబురు పంపాడు. జెండా దించే ఉద్దేశం మాకు లేదు, మీరు మా మీద కాల్పులు జరుపుతారని అనుకోవడం లేదు అని. చెప్పినట్టు చెయ్యకపోతే తప్పకుండా జరుపుతాం అని కేవ్ జవాబు.

9 గంటలు దాటి రెండు నిమిషాలకు ఫిరంగులు పేలాయి. మొదటి దెబ్బలకే కోటలోని ఫిరంగులు పడిపోయాయి. కలప కోట, జనంతో కిక్కిరిసిన కోట, అంటుకుంది. సుల్తానుకు గ్లాస్గో అని ఒకే ఒక్క ఓడ ఉండేది, విహారాలకు వాడేది. అది కూడా ఎదురు కాల్పులు జరిపింది, కాసేపటికే మునిగిపోయింది. రేవులో నీళ్లు లోతు తక్కువ కాబట్టి దాని తెరచాప స్తంభాలు నీళ్ల మీద నిలబడే ఉండిపోయాయి. చాలా ఏళ్లు అలాగే ఉన్నాయి. రేవుకొచ్చిన ప్రతివాడూ వాటిని చూస్తూ పోవలసిందే.

కోట మీద జెండా తెగి పడింది, కాల్పులు ఆగాయి. ఎప్పుడు? ఇదీ అసలు ప్రశ్న. 9.02కి మొదలై 9.40కి ఆగింది అనుకుంటే 38 నిమిషాలు. 9కే మొదలైంది అనుకుంటే 40. 9.45 వరకు సాగింది అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల లెక్కన 45. చరిత్రలో అతి చిన్న యుద్ధం, దానికి కూడా లెక్క కుదరలేదు చూడండి! ఏ లెక్క తీసుకున్నా అది ఓడ మీద నిలబడ్డవాడి గడియారం. కోటలో ఉన్నవాడు గడియారం చూసుకునే స్థితిలో లేడు.

ఆ ముప్పావుగంటలో కోట వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 500 మంది. బ్రిటిష్ వైపు ఒకే ఒక్క నావికుడికి గాయం, అతను కోలుకున్నాడు. చిన్న యుద్ధం అంటే చిన్న విషయం అనుకుంటాం. నిమిషాలతో భాగించి చూడండి, నిమిషానికి పదిమందికి పైగా. ఎందుకంత తొందరగా అయిపోయింది? రెండువైపులా బలం సమానంగా ఉంటే యుద్ధం సాగుతుంది. ఇక్కడ ఒకవైపే బలం. ఒకవైపే బలం ఉన్నచోట యుద్ధం పొట్టిగా ఉంటుంది, చావులు తక్కువగా ఉండవు.

9.40కి అయిపోయిందన్నారు కదా, తర్వాత ఏం జరిగింది? ఆ గందరగోళంలో ఊళ్లో దోపిడీలు మొదలయ్యాయి. మన భారతీయ వర్తకులుండే వీధుల మీద పడ్డారు, మనవాళ్లు కొందరు చచ్చిపోయారు. అది 38 నిమిషాల్లో లెక్కకు రాదు. ఊరిని అదుపు చెయ్యడానికి మొంబాసా నుంచి సిక్కు సిపాయిలను తెప్పించారు. ఖాలిద్ పక్షం వహించిన అరబ్బుల దగ్గర జరిమానా వసూలు చేశారు. దేనికి? వాళ్ల మీద పేల్చిన గుండ్ల ఖర్చుకు, దోపిడీల నష్టానికి. మూడు లక్షల రూపాయలు. అవును, రూపాయలే. మన రూపాయి అప్పుడు అక్కడ చెలామణీలో ఉండేది. తన నెత్తిన పడిన గుండుకు తనే డబ్బు కట్టుకోవడం! ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేను జాంజిబార్ పాఠానికి ఒక పీరియడ్ పెట్టేవాణ్ని. సిలబస్‌లో దానికి ఒక్క వాక్యమే ఉండేది.

ఖాలిద్ ఏమయ్యాడు? జర్మన్ కాన్సులేటులోకి పరుగెత్తాడు. బయట బ్రిటిష్ సిపాయిలు కాపలా, కాలు బయట పెడితే పట్టుకుందామని. అక్టోబరు 2న సముద్రం బాగా పోటు మీదుంది. జర్మన్ నౌక నుంచి పడవ నేరుగా కాన్సులేటు ఆవరణ దాకా వచ్చింది. జాంజిబార్ నేల మీద కాలు పెట్టకుండానే పడవెక్కి దార్ ఎస్ సలాంకి వెళ్లిపోయాడు. అక్కడితో అయిపోయిందా? మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో బ్రిటిష్ సేనలు ఆయన్ని పట్టుకున్నాయి. సెషెల్స్ దీవులకు, సెయింట్ హెలీనాకు ప్రవాసం పంపారు. తర్వాత ఎప్పుడో తూర్పు ఆఫ్రికాకు రానిచ్చారు. 1927లో మొంబాసాలో చనిపోయాడు. ఖాలిద్‌కి ఆ యుద్ధం 38 నిమిషాలా, 31 ఏళ్లా?

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రిటిష్ వాళ్లు కూర్చోబెట్టిన కొత్త సుల్తాన్ హమూద్ 1897లో బానిసత్వాన్ని చట్టపరంగా రద్దు చేశాడు. అది మంచి పని. ఫిరంగులు పేల్చింది అందుకోసమేనని ఎవరైనా రాస్తే మాత్రం నమ్మకండి. జెండా ఎవరు దించాలన్న దాని మీద పేల్చారు.

ఇప్పుడు పొడుగాటి యుద్ధం దగ్గరికి వద్దాం. నూరేళ్ల యుద్ధం. ఇంగ్లండు, ఫ్రాన్సు. 1337 నుంచి 1453. లెక్కేయండి. 116! పేరులోనే 16 ఏళ్లు పోయాయి. ఆ పేరు కూడా యుద్ధం చేసినవాళ్లు పెట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చరిత్రకారులు పెట్టారు. 1400లో చనిపోయిన సిపాయికి తను నూరేళ్ల యుద్ధంలో ఉన్నానని తెలియదు.

గొడవ దేనికి? వారసత్వం. 1328లో ఫ్రాన్సు రాజు నాలుగో చార్లెస్ కొడుకులు లేకుండా పోయాడు. ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ తల్లి ఆయన సొంత చెల్లెలు. మేనమామ ఆస్తి నాకు రావాలన్నాడు ఎడ్వర్డ్. ఆడపిల్ల వైపు నుంచి కిరీటం రాదన్నారు ఫ్రెంచివాళ్లు, దాయాది ఫిలిప్‌ను రాజును చేశారు. 1337లో ఫిలిప్ నైరుతి ఫ్రాన్సులో ఎడ్వర్డ్‌కున్న భూములను జప్తు చేశాడు. మన ఊళ్లలో తాతల నాటి పొలం కేసు ఎలా నడుస్తుందో తెలుసు కదా మీకు. వేసినవాడు పోతాడు, కొడుకు వాయిదాలకు తిరుగుతాడు, మనవడికి కేసు ఎందుకు మొదలైందో కూడా తెలియదు, కానీ వదలడు. ఇదీ అంతే. ఇటు ఐదుగురు రాజులు, అటు ఐదుగురు రాజులు మారారు.

నూటపదహారేళ్లూ రోజూ కొట్టుకున్నారా? లేదు. క్రెసీ 1346లో, పొయిటియర్స్ 1356లో, అజిన్‌కోర్ట్ 1415లో. పరీక్షకు ఇవే చదువుతారు. ఒక్కొక్క యుద్ధం ఒక్క పూటలో తేలిపోయింది. మధ్యలో ఏళ్లకేళ్లు సంధి. మరి సంధి కాలాన్ని ఎందుకు లెక్కలో కలిపారు? అన్యాయం కదా అనిపిస్తుంది. కానీ పెద్ద యుద్ధాలకు మధ్య ఏళ్లలో, ఆ సంధి కాలంలో ఏం జరిగిందో వినండి.

1355లో ఎడ్వర్డ్ కొడుకు, బ్లాక్ ప్రిన్స్ అంటారు ఆయన్ని, బోర్డో నుంచి బయల్దేరి దాదాపు మధ్యధరా తీరం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. రెండు నెలలు పట్టింది. పెద్ద యుద్ధం ఒక్కటి చెయ్యలేదు. ఏం చేశాడు? దారిలో ఊళ్లు తగలబెట్టాడు. ధాన్యం, మిల్లులు, గడ్డివాములు, ఇళ్లు. శత్రు రాజుకు పన్ను కట్టే రైతును నాశనం చేస్తే రాజు బలహీనపడతాడని లెక్క. మరుసటి ఏడాది పొయిటియర్స్‌లో ఫ్రాన్సు రాజు జాన్ పట్టుబడ్డాడు. 1360లో సంధి. రాజును విడిపించుకోవడానికి 30 లక్షల బంగారు నాణేలు ఇవ్వాలని షరతు. ఎవరు కట్టాలి? జనం. ఉప్పు మీద పన్ను, సారాయి మీద పన్ను, అమ్మిన ప్రతి సరుకు మీద పన్ను.

ఇంకొకటి. సంధి అవగానే సిపాయిలకు జీతం ఆగిపోయింది. వేలమంది కిరాయి సిపాయిలు, చేతిలో ఆయుధం, చెయ్యడానికి పని లేదు. వాళ్లు దండులు కట్టి ఊళ్ల మీద పడ్డారు. డబ్బిస్తే తగలబెట్టం, ఇవ్వకపోతే తగలబెడతాం. అంటే రాజుల కాగితాల్లో శాంతి నడుస్తున్న ఏళ్లలోనే కొన్ని ఊళ్లు యుద్ధంలో కంటే ఎక్కువ నష్టపోయాయి. చరిత్ర పుస్తకంలో ఆ ఏళ్లకు ఎదురుగా ఏముంటుంది? సంధి కాలం అని ఉంటుంది.

ఇంగ్లండులో మాత్రం? అక్కడ ఊళ్లు పెద్దగా కాలలేదు, కానీ ఖర్చు భరించాలి కదా. తలకింత అని పన్ను వేశారు. 1377లో ఒకసారి, రెండేళ్లకు ఇంకోసారి, ఆ తర్వాత ఇంకోసారి. చివరికి 1381లో రైతులు తిరగబడి లండన్ దాకా వచ్చారు. పొడుగాటి యుద్ధం అంటే ఇదమ్మా. గెలిచే బలం ఇద్దరికీ లేదు, ఆపే బుద్ధి ఇద్దరికీ లేదు, ఖర్చు భరించే జనం రెండువైపులా ఉన్నారు. ఈ మూడూ కుదిరినంతకాలం సాగింది.

జోన్ ఆఫ్ ఆర్క్ గురించి విన్నారు కదా. డోంరెమీ అనే పల్లెలో రైతు కూతురు. ఆమె పుట్టేసరికి యుద్ధం మొదలై డెబ్భై ఏళ్లు దాటింది. వాళ్ల నాన్నకు కూడా యుద్ధానికి ముందు కాలం తెలియదు. 1428లో శత్రువులు వస్తున్నారని ఊరు ఊరంతా పశువులను తోలుకుని పక్క పట్నానికి పారిపోయింది, ఆమె కుటుంబం కూడా అందులో ఉంది. మరుసటి ఏడాదే ఆమె ఓర్లియాన్స్ ముట్టడిని తప్పించింది. 1431 మే 30న రువాన్‌లో మంటల్లో కాల్చి చంపారు. పందొమ్మిదేళ్ల పిల్ల. ఇక్కడ కూర్చున్న మీ అందరి వయసు.

1453లో ఎలా ముగిసింది? జూలైలో కాస్టియాన్ దగ్గర ఫ్రెంచి ఫిరంగుల ముందు ఇంగ్లిషువాళ్లు ఓడిపోయారు. తర్వాత బోర్డో పోయింది. శాంతి ఒప్పందం? రాసుకోలేదు! ఎవరూ సంతకం పెట్టలేదు. ముగిసిందని ఆ ఏడాది ఎవరికీ తెలియదు. కలే అనే రేవు 1558 దాకా ఇంగ్లండు చేతిలోనే ఉంది. ఇంగ్లండు రాజులు తమ బిరుదుల్లో ఫ్రాన్సు రాజు అన్న మాటను 1801లో గాని వదులుకోలేదు. మరి 116 ఏళ్లు అనాలా, 460 ఏళ్లు అనాలా? బిరుదు పట్టుకుని లెక్కేస్తే ఎక్కడికో పోతుంది.

ఇందాక ఆ అమ్మాయి చెప్పిన 335 ఏళ్లు. ఇంగ్లండుకు నైరుతి కొసలో సిల్లీ దీవులు, అటువైపు నెదర్లాండ్స్. 1651లో డచ్చి అడ్మిరల్ ట్రాంప్ వచ్చి యుద్ధం ప్రకటించాడని, తర్వాత శాంతి ఒప్పందం చేసుకోవడం మరిచిపోయారని కథ. 1985లో ఆ దీవుల కౌన్సిల్ అధ్యక్షుడు, ఆయన చరిత్ర కూడా రాసేవాడు, లండన్‌లోని డచ్చి ఎంబసీకి ఉత్తరం రాశాడు. 1986 ఏప్రిల్ 17న రాయబారి వచ్చి సంతకం పెట్టాడు. ఒక్క గుండు పేలలేదు, ఒక్కరు చావలేదు. ట్రాంప్‌కి యుద్ధం ప్రకటించే అధికారం ఉందా అన్నదే అనుమానం. నన్నడిగితే దీన్ని యుద్ధాల పట్టికలో పెట్టకూడదు. కాగితం మాత్రమే ఉండి మనుషులు లేని యుద్ధం, యుద్ధం కాదు. స్పెయిన్ 780 ఏళ్లూ అంతే, వేరే కారణానికి. ఎనిమిదో శతాబ్దం నుంచి 1492లో గ్రెనడా పడేదాకా అక్కడి క్రైస్తవ, ముస్లిం రాజ్యాల మధ్య జరిగిన వందల పోరాటాలను, స్నేహాలను, పొత్తులను ఒక్క దారానికి గుచ్చి ఒక్క యుద్ధం అన్నారు. వాళ్ల మహావీరుడు ఎల్ సిడ్ కొన్నేళ్లు జరగోజాలో ముస్లిం రాజు కొలువులోనే పనిచేశాడు. అది ఒక యుద్ధమైతే ఆయన ఏ పక్షం?

ఇంతసేపూ దూరదేశాలు తిరిగాం. ఇప్పుడు ఇంటికి వద్దాం. ఇక్కడి నుంచి తుంగభద్ర వంతెన దాటితే అవతల ఏముంది? అలంపురం. అలంపురం ఎక్కడుంది? కృష్ణా తుంగభద్రల మధ్య. ఆ రెండు నదుల మధ్య నేలను పడమటికి చూసుకుంటూ పోతే రాయచూరు, ముద్గల్. రాయచూరు అంతర్వేది అని పుస్తకాల్లో చదువుతారు, అది మన ఎదురుగుండా మొదలవుతుంది. కర్నూలు నది ఒడ్డున ఉందంటే ఆ గొడవ ఒడ్డున ఉన్నట్టే.

విజయనగరం 1336లో, బహమనీ రాజ్యం 1347లో పుట్టాయి. ఆ నేల కోసం మొదటి పెద్ద యుద్ధం 1360లలో. పారశీకంలో దక్కన్ సుల్తాన్ల చరిత్ర రాసిన ఫెరిష్తా అది ఎలా మొదలైందో చెప్పాడు. బహమనీ సుల్తాను మహమ్మద్ షా తన సభలో పాడినవాళ్లకు బహుమానం ఇస్తూ, ఆ డబ్బు విజయనగర ఖజానా నుంచి తీసుకోండని చీటీ రాసిచ్చాడట. బుక్కరాయలు ఆ చీటీ తెచ్చినవాణ్ని గాడిద మీద ఊరేగించి, తుంగభద్ర దాటి ముద్గల్ మీద పడ్డాడట. ఫెరిష్తా రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక రాశాడు, ఒకవైపు నుంచి రాశాడు, చావుల లెక్కలు విపరీతంగా పెంచాడు. ఆ లెక్కలు నేను మీకు చెప్పను. అయితే ఆయన రాసిన ఇంకో సంగతి చెప్పాలి. ఆ యుద్ధంలో ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, ఆయుధం పట్టనివాళ్లు ఎంతోమంది చచ్చాక, చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారట. ఇకమీదట యుద్ధాల్లో ఆయుధం లేనివాళ్లను చంపకూడదని. జెనీవా ఒప్పందాల గురించి చదువుతారు మీరు. మన నది ఒడ్డున పద్నాలుగో శతాబ్దంలో ఇలాంటి మాట ఒకటి నడిచిందని ఏ గైడులోనైనా ఉందా? దాన్ని తర్వాత పాటించారా అంటే అన్నిసార్లూ పాటించలేదు. కానీ ఆ మాట పుట్టింది.

అక్కడినుంచి ఒకరి తర్వాత ఒకరు. మొదటి దేవరాయలు, ఫిరోజ్ షా. రెండో దేవరాయలు. బహమనీ పోయి బీజాపూరు వచ్చింది, గొడవ మాత్రం పోలేదు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు ముట్టడించాడు. క్రిస్టోవావ్ డి ఫిగ్యురెడో అనే పోర్చుగీసువాడు తన తుపాకీవాళ్లతో వచ్చి కోటగోడ మీద కాపలావాళ్లను ఒక్కొక్కరిని గురిచూసి కొడుతుంటే, కింద మనవాళ్లు గడ్డపారలతో గోడ రాళ్లు పెకలించారు. ఆ కోట ఇప్పటికీ ఉంది. బస్సెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. మీలో ఎంతమంది చూశారు? ఇంతేనా? వెళ్లి చూడండి. కోటగోడలో పరిచిన ఆ పెద్ద రాళ్లను దగ్గర నుంచి చూస్తే గడ్డపార పని ఎంత కష్టమో తెలుస్తుంది.

ఆ తర్వాత 1565 జనవరి 23, దక్కన్ సుల్తాన్లతో రాక్షసి-తంగడి యుద్ధం. కొన్ని గంటల్లో అళియ రామరాయలు పోయాడు, విజయనగరం ఖాళీ అయింది, తిరుమలరాయలు పెనుగొండకు వచ్చాడు. మన పాత అనంతపురం జిల్లా పిల్లలు ఇక్కడున్నారా? మీ పెనుగొండ రాజధాని అయింది అలాగే. 1360ల నుంచి 1565 దాకా లెక్కేసుకోండి. రెండు వందల ఏళ్లు. అది ప్రపంచంలో పొడుగాటి యుద్ధాల పట్టికలో ఎందుకు లేదు? ఎవరూ దాన్ని ఒక్క మూట కట్టి పేరు పెట్టలేదు కాబట్టి. ఇంగ్లండు ఫ్రాన్సులకు ఆ పని చేసిపెట్టిన చరిత్రకారులు దొరికారు.

పేరు పెట్టాలని మాత్రం నేను అనడం లేదు. జాగ్రత్తగా వినండి, ఇది ముఖ్యం. పేరు పెడితే మధ్యలో జరిగిందంతా మరుగున పడుతుంది. దేవరాయలు తన కూతుర్ని ఫిరోజ్ షాకిచ్చి పెళ్లి చేశాడని అదే ఫెరిష్తా రాశాడు. రెండో దేవరాయలు తన సైన్యంలో ముస్లిం విలుకాండ్రను పెట్టుకున్నాడు. బీజాపూరు అలీ ఆదిల్ షా విజయనగరానికి వచ్చి రామరాయల ఇంట్లో అతిథిగా ఉన్నాడు. అదే అలీ ఆదిల్ షా 1565లో ఎదురు నిలబడ్డాడు. రెండు వందల ఏళ్ల యుద్ధం అంటే ఈ పెళ్లిళ్లూ కొలువులూ కనబడవు. రెండు వందల ఏళ్ల శాంతి అంటే ముద్గల్ చుట్టుపక్కల రైతు కనబడడు. ఆ రైతుకు ఒక తరంలో ఒక్కసారైనా పంట మీదుగా సైన్యం నడిచింది.

ఇంకో తేదీ చెప్తాను. 1953 అక్టోబరు 1. ఏమిటది? అవును, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మన కర్నూలు రాజధాని అయింది. దానికి రెండు నెలల ముందు, జూలై 27న, కొరియాలో పాన్‌ముంజోంలో ఒక కాగితం మీద సంతకాలయ్యాయి. అది శాంతి ఒప్పందం కాదు, కాల్పుల విరమణ. శాంతి ఒప్పందం ఈ రోజుకీ కాలేదు. కర్నూలు రాజధాని కావడం, పోవడం, హైదరాబాదు రావడం, రాష్ట్రం మళ్లీ విడిపోవడం అన్నీ జరిగాయి. ఆ కాగితం మాత్రం అలాగే ఉంది. మూడేళ్ల యుద్ధం అని మనం రాస్తాం. ఉత్తరాన తమ్ముడు, దక్షిణాన అక్క ఉండిపోయిన కుటుంబాలున్నాయి. 1985లో కొద్దిమందిని, 2000 తర్వాత కొన్ని విడతలుగా ఇంకొందరిని కలవనిచ్చారు. ఆఖరుసారి 2018లో. కలిసింది కొద్ది గంటలు. తర్వాత బస్సెక్కి ఎవరి వైపు వాళ్లు వెళ్లిపోవాలి. ఎనభై, తొంభై ఏళ్లవాళ్లు.

ఆ కొరియా కథలో మన దేశానికి మంచి పాత్ర ఉంది. యుద్ధ ఖైదీలను ఎటు పంపాలన్నది తేల్చే కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఎటూ వెళ్లమన్న 88 మంది ఖైదీలను మనవాళ్లు ఓడలో తీసుకొచ్చారు. 1954 ఫిబ్రవరిలో వాళ్లు మద్రాసు రేవులో దిగారు. సొంత దేశం రెండు ముక్కలైతే ఏ ముక్కా వద్దనుకున్నవాళ్లు. కొందరు తర్వాత లాటిన్ అమెరికా దేశాలకు వెళ్లారు, కొందరు మన దేశంలోనే ఉండిపోయారు. వాళ్ల యుద్ధానికి మీరు ఏ తేదీ వేస్తారు?

నేను చెప్పవలసింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. ఆ నీలం చొక్కా అబ్బాయి, చెప్పు నాయనా. గట్టిగా, వెనకవాళ్లకు వినపడాలి.

ఈ అబ్బాయి అడుగుతున్నది, 1971 యుద్ధం 13 రోజులని రాస్తాం కదా, దాన్ని కూడా ఇలాగే చూడాలా అని. చూడాలి. డిసెంబరు 3 నుంచి 16 వరకు. మన సైన్యం లెక్క అది, ఆ లెక్కలో తప్పు లేదు, మనకు గర్వకారణం కూడా. కానీ ఢాకాలో ఉన్నవాడికి అది మార్చి 25 రాత్రి మొదలైంది. ఆ రాత్రి పాకిస్తాన్ సైనికులు యూనివర్సిటీ హాస్టళ్లలో పిల్లలను చంపారు, మీలాంటి పిల్లలను. డిసెంబరు వచ్చేసరికి కోటిమంది దాకా సరిహద్దు దాటి మన దేశానికి వచ్చేశారు. వాళ్లది తొమ్మిది నెలల యుద్ధం. ఇక ముగింపు. డిసెంబరు 16న 93 వేలమంది పాకిస్తానీలు మనకు ఖైదీలుగా చిక్కారు. సిమ్లా ఒప్పందం 1972 జూలైలో. ఖైదీలను పంపడం మీద ఢిల్లీ ఒప్పందం 1973 ఆగస్టులో. ఆఖరి ఖైదీలు వాఘా దాటింది 1974 ఏప్రిల్‌లో. కాబట్టి 13 రోజులు అని రాయి నాయనా, మార్కు వస్తుంది. రాసేటప్పుడు ఆ 13కి ముందు ఎనిమిది నెలలు, తర్వాత రెండేళ్లు ఉన్నాయని తెలిసి రాయి.

ఇంకెవరు? ఆ అమ్మాయి చెయ్యెత్తింది. మైకు అటు ఇవ్వండి.